టీసీ తీసుకునే ముందు ఒక్క మాట

మన హాస్టల్లో చదివిన ఎవరికైనా టీసీ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఊరి బడిలో ఐదో తరగతి అయిపోగానే హెడ్‌మాస్టర్ దగ్గర టీసీ రాయించుకొని, ట్రంకు పెట్టె, పళ్లెం, గ్లాసు, ఒక దుప్పటి పట్టుకొని ఇక్కడికి వచ్చాం. పదో తరగతి అయిపోయాక ఇక్కడి బడిలో టీసీ తీసుకొని ఇంటర్మీడియెట్‌కు పోయాం. కొందరం సంవత్సరం మధ్యలోనే ఒక హాస్టల్ నుంచి ఇంకో హాస్టల్‌కు మారినవాళ్లం. అప్పటికే జట్లు కట్టుకున్న పిల్లల మధ్య, అప్పటికే సగం అయిపోయిన పాఠాల మధ్య వెనుక బెంచీలో కూర్చొని చదువు అందుకున్నవాళ్లం. టీసీ అంటే ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్. ఆలోచిస్తే మన చదువంతా ట్రాన్స్‌ఫర్ల మీదనే నడిచింది.

అందుకే కావచ్చు, కిందటి వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులం హాస్టల్‌కు వచ్చినప్పుడు తమ్ముళ్లు అడిగిన ఒక ప్రశ్న మాకు వింతగా తోచలేదు. "అన్నా, ఇక్కడ బీటెక్ ఫస్ట్ ఇయర్ చదివి, అమెరికాల పెద్ద కాలేజీకి ట్రాన్స్‌ఫర్ కావచ్చట గదా?" అని ఒకరు అడిగారు. ఇంకొకరు, "ముందు ఏదో ఒక కాలేజీల చేరితే చాలు, ఆరు నెలలైనంక మంచిదానికి మారొచ్చని కన్సల్టెన్సీ సార్ చెప్పిండు, నిజమేనా?" అన్నారు. ఆ రోజు స్టేజీ మీద ప్రోగ్రాములు మొదలవుతున్నాయని చెప్పి మేం ఏదో పైపైన జవాబిచ్చి తప్పించుకున్నాం. నిజం చెప్పాలంటే తప్పించుకోవడానికి వేరే కారణం ఉంది. ఈ విషయంలో మేం ఒకసారి ఒక చెల్లెలికి తప్పు సలహా ఇచ్చాం. ఆ సంగతి కూడా ఈ సంచికలో దాచకుండా రాయాలని అనుకున్నాం.

మా అభిప్రాయం ముందుగానే చెప్పేస్తాం. విదేశాల్లోని పేరున్న కాలేజీకి మధ్యలో మారే దారి నిజంగానే ఉంది. అది మనలాంటి వాళ్లకోసం కాదని ఎవరన్నా అంటే నమ్మవద్దు. కాని ఆ చదువుకు డబ్బు ఎవరిస్తారు, ఎంత ఇస్తారు, ఎన్నేళ్లు ఇస్తారు అనేది కాగితం మీద రాసి చేతికి రాకముందు ఇక్కడి కాలేజీ వదలవద్దు, ఊళ్లో భూమి తాకట్టు పెట్టవద్దు. సీటు కన్నా ముందు పైసల లెక్క తేలాలి. ఈ ఒక్క మాటకోసమే ఈ వ్యాసం.

ముందుగా ట్రాన్స్‌ఫర్ అనే మాటలో రెండు వేర్వేరు పనులున్నాయని గుర్తించాలి. కన్సల్టెన్సీల వాళ్లు తెలిసో తెలియకో ఈ రెండింటినీ కలిపి చెబుతారు.

మొదటిది వీసా కాగితాల బదిలీ. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదివే ప్రతి విద్యార్థి వివరాలు సెవిస్ అనే కంప్యూటర్ రికార్డులో ఉంటాయి. ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి పోవాలంటే ముందుగా కొత్త కాలేజీ సీటు ఇవ్వాలి. తర్వాత పాత కాలేజీలోని విదేశీ విద్యార్థుల అధికారి ఆ రికార్డును కొత్త కాలేజీకి వదులుతారు. కొత్త కాలేజీ ఐ-20 అనే పత్రం ఇస్తుంది. మధ్యలో 5 నెలలకు మించి ఖాళీ ఉండకూడదు. ఇదంతా ఆఫీసు పని. దీనికి చదువు నాణ్యతతో సంబంధం లేదు. ఎంత చిన్న కాలేజీకైనా ఈ పద్ధతిలోనే మారుతారు.

రెండోది చదువు బదిలీ. ఒకచోట ఒకటి రెండేళ్లు చదివిన సబ్జెక్టులను లెక్కలోకి తీసుకొని, ఇంకో కాలేజీ రెండో ఏడాదిలోనో మూడో ఏడాదిలోనో చేర్చుకోవడం. పేరున్న కాలేజీల్లో కష్టమైనది ఇదే. ఎందుకంటే ఆ కాలేజీల్లో మొదటి ఏడాది చేరినవాళ్లు మధ్యలో వెళ్లిపోవడం చాలా తక్కువ. ఎవరైనా పోతేనే కదా ఖాళీ ఏర్పడేది! ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం 1990 నుంచి ఇలా మధ్యలో చేర్చుకోవడమే ఆపేసింది. 2018లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు మొత్తం 13 మందికి సీటు ఇచ్చింది. వందల మంది కాదు, పదమూడు మంది. హార్వర్డ్ అయితే కనీసం ఒక పూర్తి విద్యా సంవత్సరం కాలేజీలో చదివి ఉండాలని, రెండేళ్లకు మించి చదివినవాళ్లు అర్హులు కారని నియమం పెట్టుకుంది. అంటే మన బీటెక్ మూడో సంవత్సరం పిల్లవాడు ఎంత తెలివైనవాడైనా ఆ దరఖాస్తే పెట్టలేడు. ఈ కాలేజీలకు దరఖాస్తులు సాధారణంగా మార్చి మొదటి రోజులకల్లా చేరాలి. మనకు అది సెమిస్టర్ పరీక్షల కాలమో, ల్యాబుల కాలమో అవుతుంది. ముందే సిద్ధపడకపోతే అందుకోలేం.

కాలిఫోర్నియాలో పద్ధతి కొంత వేరు. అక్కడ కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయి. రెండేళ్లు అక్కడ తక్కువ ఫీజుతో చదివి, తర్వాత యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా శాఖల్లో మూడో ఏడాదిలో చేరుతారు. విదేశీ విద్యార్థులు కూడా ఈ దారిన పోతారు. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ అనే 6 శాఖలు చెప్పిన సబ్జెక్టులు, చెప్పిన మార్కులతో పూర్తి చేసినవారికి సీటు గ్యారంటీగా ఇచ్చే ఒప్పందం కూడా పెట్టుకున్నాయి. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో ఆ ఒప్పందంలో లేవు. వినడానికి ఇది మన పాలిటెక్నిక్ చేసి ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరినట్టే ఉంటుంది. పద్ధతి అదే. తేడా అంతా ఫీజులో ఉంది. ఈసెట్ తర్వాత మనకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. కాలిఫోర్నియాలో విదేశీ డిగ్రీ విద్యార్థికి పేదరికాన్ని చూసి ఇచ్చే సాయం దాదాపు లేనట్టే. యూనివర్సిటీలో చేరాక ఫీజు, తిండి, గది కలిపి ఏడాదికి 70 వేల డాలర్లు దాటుతుంది. రూపాయల్లో 60 లక్షలకు తక్కువ కాదు. అలాంటి రెండేళ్లు చదవాలి. క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు కదా అంటారు. ఆ పనితో తిండి ఖర్చు వెళ్లవచ్చు, ఫీజు వెళ్లదు. క్యాంపస్ బయట దొంగతనంగా పని చేస్తే వీసాకే ముప్పు.

మరి పేద విద్యార్థికి మొత్తం ఖర్చు భరించే కాలేజీలు లేవా? ఉన్నాయి. అవి బాగా ధనికమైన కాలేజీలు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ కాలేజీలు విదేశీ విద్యార్థి ఇంటి ఆదాయం చూడకుండా సీటు నిర్ణయిస్తామని, సీటు వచ్చినవారికి ఎంత అవసరమో అంత ఇస్తామని చాలాకాలంగా చెబుతున్నాయి. 2022లో డార్ట్‌మత్, బోడిన్ కాలేజీలు కూడా ఆ వరుసలో చేరాయి. దీన్ని నీడ్ బ్లైండ్ పద్ధతి అంటారు. మిగతా కాలేజీల్లో ఎక్కువ భాగం నీడ్ అవేర్. అంటే ఈ పిల్లవాడికి సాయం చేయాల్సి వస్తుందా లేదా అని చూసి మరీ సీటు నిర్ణయిస్తాయి. సాయం అడిగితే సీటు వచ్చే అవకాశం తగ్గుతుంది. పైగా మొదటి ఏడాది చేరేవారికి ఇచ్చిన హామీ మధ్యలో చేరేవారికి ఉండాలని ఏమీ లేదు. ప్రతి కాలేజీ ట్రాన్స్‌ఫర్ నిబంధనల్లో విదేశీ విద్యార్థుల ఆర్థిక సాయం అన్న భాగాన్ని విడిగా చదవాలి. మేం తప్పు చేసింది సరిగ్గా ఇక్కడే.

2019లో మన పక్క గర్ల్స్ హాస్టల్లో చదువుకున్న ఒక చెల్లెలు బీటెక్ మొదటి సంవత్సరంలో ఉంది. కాలేజీలోనే ఫస్టు. వాళ్ల అమ్మ పత్తి ఏరే కూలికి, వరి నాట్లకు పోయేది. తండ్రి లేడు. ఆ అమ్మాయి ఎక్కడో చదివి తెలుసుకొని, అమెరికాలో 4 కాలేజీలకు ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు పెడతానని మా దగ్గరికి వచ్చింది. మాలో ముగ్గురం అప్పటికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నాం. మాకంతా తెలుసనుకున్నాం. రాత్రుళ్లు కూర్చొని ఆమె వ్యాసాలు దిద్దాం. దరఖాస్తులో ఒకచోట "ఆర్థిక సాయం కోరుతున్నారా?" అని ఉంది. రెండు కాలేజీలకు కోరుతున్నామని పెట్టింది. మిగతా రెండూ నీడ్ అవేర్ కాలేజీలని మాకు తెలుసు. "వీటికి వద్దని పెట్టు చెల్లే, అవకాశం పెరుగుతది. సీటు వచ్చినంక మన పరిస్థితి చెప్పి అడుగుదాం" అని మేమే అన్నాం. ఆమె ఒక నిమిషం ఆలోచించి, "మీరు చెప్తె సరే అన్నా" అని అలాగే పెట్టింది.

మే నెలలో మూడు కాలేజీలు కాదన్నాయి. నాలుగోది సీటు ఇచ్చింది. సాయం వద్దని పెట్టిన రెండింట్లో ఒకటి అది. ఆ రోజు మేం స్వీట్లు పంచుకున్నాం. మరునాడు సాయం కోసం ఉత్తరం రాశాం. ఆమె కులం, ఆదాయం సర్టిఫికెట్లు, తల్లి జాబ్ కార్డు అన్నీ ఇంగ్లిషులోకి మార్చి పంపాం. వాళ్లు మర్యాదగా జవాబిచ్చారు. ప్రవేశ సమయంలో సాయం అడగని విదేశీ విద్యార్థి తర్వాత చదువు పూర్తయ్యేదాకా అడగడానికి వీల్లేదని, ఆ నిబంధన దరఖాస్తులోనే ఉందని రాశారు. వెతికితే నిజంగానే ఉంది. మేం ముగ్గురం చదవలేదు.

ఏడాది ఖర్చు అప్పటి లెక్కలో 40 లక్షలు దాటింది. ఐ-20 కావాలంటే ఒక ఏడాది ఖర్చుకు సరిపోయే డబ్బు బ్యాంకులో ఉన్నట్టు చూపించాలి. సంగతి ఎలా తెలిసిందో ఒక కన్సల్టెన్సీ ఆయన ఫోన్ చేసి, కమీషన్ ఇస్తే ఖాతాలో డబ్బు చూపిస్తానన్నాడు. అక్కడికి పోయాక ఏదో ఒకటి చేసుకోవచ్చన్నాడు. మాలో ఒకరు ఆ మాటకు కొంచెం ఊగారు కూడా. మేం వాళ్ల ఊరికి వెళ్లి అమ్మకు అన్నీ చెప్పాం. ఆమె సీటు కాగితం చేతిలో పట్టుకొని చాలాసేపు చూసింది. చదువు రాదు. "బిడ్డా, ఈ కాయితంల నీ పేరు ఉన్నదంటున్రు. పైసలు కట్టేటోళ్ల పేరు ఉన్నదా?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. చెల్లెలే, "లేదమ్మా" అని చెప్పి, ఆ రాత్రి తనే కాలేజీకి రాలేనని మెయిల్ పెట్టింది. మేం బస్సులో తిరిగి వస్తూ ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు.

సాయం కావాలని పెట్టి ఉంటే ఆ సీటు వచ్చేదే కాదేమో. కావచ్చు. కాని రాని సీటు వల్ల ఆమెకు ఏమీ నష్టం లేదు. చేతికొచ్చి అక్కరకు రాని సీటు ఆ పిల్లను ఏడాదిపాటు కుంగదీసింది. రెండో సంవత్సరంలో మార్కులు తగ్గాయి. తర్వాత తేరుకుంది. బీటెక్ పూర్తిచేసి, రెండేళ్లు ఉద్యోగం చేసి, తెలంగాణ ప్రభుత్వ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధితో విదేశంలో ఎంఎస్ చేసింది. ఇప్పుడు బాగానే ఉంది. ఈ వ్యాసం రాయడానికి ఆమె అనుమతి అడిగితే, "మీ తప్పు రాస్తేనే రాయండి అన్నా, నా గొప్ప రాయకండి" అంది. అలాగే రాస్తున్నాం.

అందుకని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మొదటి మాట ఇది. సాయం లేకుండా చదవలేనప్పుడు సాయం కావాలనే రాయండి. ప్రతి దరఖాస్తులోనూ రాయండి. పేదరికాన్ని దాచి తెచ్చుకున్న సీటు మనకు పనికిరాదు.

రెండో మాట, "ముందు పో, తర్వాత మారుదువుగాని" అనే సలహా గురించి. ఈ సలహా తెలుగు పిల్లలను ఎక్కడిదాకా తీసుకెళ్లిందో మన కళ్ల ముందే జరిగింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద అమెరికా అధికారులు దాడి చేశారు. సుమారు 1,500 మంది విద్యార్థుల్లో అత్యధికులు మన దేశం వాళ్లే. వాళ్లలో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్లకు ఎలక్ట్రానిక్ పట్టీలు వేశారు. ఆ ఫోటోలు పేపర్లో చూసి మన హాస్టల్ టీవీ గదిలో అందరం మౌనంగా కూర్చున్న సాయంత్రం మా బ్యాచ్ వాళ్లకు గుర్తే. యూనివర్సిటీ మూతపడ్డాక వేరే కాలేజీకి మారడానికి ఆ పిల్లలు పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. నడిపినామెకు 2014లో పదహారేళ్లకు పైగా జైలు శిక్ష పడింది. అప్పు చేసి ఫీజులు కట్టిన తల్లిదండ్రుల బాధ దానితో తీరేది కాదు.

అయినా మళ్లీ జరిగింది. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటి 2015లో వెలిసింది. పాఠాలు లేవు, పంతుళ్లు లేరు. దాన్ని నడిపింది మారువేషంలో ఉన్న అమెరికా ప్రభుత్వ అధికారులే. ఇంకో కాలేజీలో చేరి, ఫీజు భారం మోయలేకనో పని చేసుకోవడానికో అక్కడికి ట్రాన్స్‌ఫర్ అయినవాళ్లు వందల్లో ఉన్నారు. 2019 జనవరి చివర్లో మొదట పట్టుకున్న 130 మందిలో 129 మంది భారతీయులు. వాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. వల పన్నిన ప్రభుత్వానిది ధర్మమా అని అడగవలసిందే. అడిగినవాళ్లు ఉన్నారు. కాని పట్టుబడిన పిల్లల చేతిలో ఉన్నది వీసా కాగితాల బదిలీయే గాని చదువు బదిలీ కాదు. మేం పైన రెండింటినీ వేరుచేసి చెప్పింది ఇందుకే. ఎవరైనా ట్రాన్స్‌ఫర్ అన్నప్పుడు, "నేను చదివిన సబ్జెక్టులు లెక్కలోకి వస్తాయా? కొత్త కాలేజీ రాసిచ్చిందా?" అని అడగండి. జవాబు సూటిగా రాకపోతే లేచి వచ్చేయండి.

కోరి మారడం ఒకటైతే, మారక తప్పని పరిస్థితి ఇంకొకటి. 2025 మే 22న అమెరికా ప్రభుత్వం హార్వర్డ్‌కు విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతిని రద్దు చేస్తూ, అప్పటికే చదువుతున్నవాళ్లు వేరే కాలేజీకి మారాలి, లేకపోతే దేశంలో ఉండే హక్కు పోతుందని ప్రకటించింది. మరునాడే కోర్టు ఆ ఉత్తర్వును ఆపింది. ప్రపంచంలో అంత పేరున్న కాలేజీ పిల్లలు కూడా ఆ ఒక్క రోజు మూటాముల్లె సర్దుకోవాలా అని ఆలోచించవలసి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఇంకో ప్రతిపాదన వచ్చింది. డిగ్రీ విద్యార్థి మొదట చేరిన కాలేజీలో ఒక విద్యా సంవత్సరం పూర్తి చేయనిదే ఇంకో కాలేజీకి మారకుండా కట్టడి చేయాలన్నది అందులో ఒక అంశం. "ఆరు నెలలైనంక మారొచ్చు" అని చెప్పే కన్సల్టెన్సీ వాళ్లు ఈ సంగతి చెబుతున్నారా? నిబంధనలు ఇలా మారుతున్న కాలంలో సీనియర్ అన్న చెప్పాడనో, ఎవరో పోయారనో నమ్మి బయలుదేరకూడదు. దరఖాస్తు పెట్టే నెలలో అమల్లో ఉన్న నియమం ఏదో అదే చూసుకోవాలి. మా ఈ వ్యాసాన్ని కూడా రెండేళ్ల తర్వాత గుడ్డిగా నమ్మవద్దు.

మధ్యలో డబ్బు ఆగిపోతే ఏమవుతుందో మనకు అందరికన్నా ముందు అనుభవించి చూపినవారు బాబాసాహెబ్ అంబేద్కర్. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1916లో అక్కడి నుంచి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు మారారు. చదువు మధ్యలో ఉండగానే స్కాలర్‌షిప్ గడువు తీరిపోయింది. 1917లో ఇంటికి తిరిగి రావలసి వచ్చింది. అయితే వచ్చేముందు ఆయన ఒక పని చేశారు. నాలుగేళ్లలోపు తిరిగి వచ్చి చదువు కొనసాగించడానికి అనుమతి తీసుకున్నారు. బొంబాయిలో సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టారు. కొల్హాపూర్ సాహు మహారాజు, స్నేహితుడు నావల్ భాతేనా సాయపడ్డారు. 1920లో మళ్లీ లండన్ వెళ్లి 1923లో డీఎస్సీ పూర్తి చేశారు. ఆయన పటాన్ని మన హాస్టల్ గోడ మీద రోజూ చూస్తాం. ఆయన పెద్ద చదువు చదివారన్నది మనకు తెలుసు. ఆ చదువు డబ్బు లేక మూడేళ్లు ఆగిందని, తిరిగి వెళ్లే దారిని మాత్రం ఆయన తెగ్గొట్టుకోలేదని కూడా తెలుసుకోవాలి. తిరిగి వచ్చే దారి మూసుకొని ముందుకు పోవడం ధైర్యం కాదు.

ఈ సందర్భంలో ఇక్కడి కాలేజీల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేం. ట్రాన్స్‌ఫర్ దరఖాస్తుకు మొదట కావలసింది ఇప్పుడు చదువుతున్న కాలేజీ ఇచ్చే మార్కుల ట్రాన్స్‌స్క్రిప్టు, సబ్జెక్టులవారీ సిలబస్ వివరం, ఇద్దరు అధ్యాపకుల సిఫారసు ఉత్తరాలు. మన పిల్లలు చాలామంది చదివే ప్రైవేటు కాలేజీల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ప్రభుత్వం నుంచి రాలేదని చెప్పి సర్టిఫికెట్లు ఆపుతున్నారు. మాలో ఇద్దరికి ఇలాగే జరిగింది. ఒకరు ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ప్రభుత్వానికి, యాజమాన్యానికి మధ్య ఉన్న బాకీకి పిల్లవాడి కాగితాలను జామీను పెట్టడం అన్యాయం. హార్వర్డ్ తలుపు తెరుచుకుంటుందా లేదా అన్నది తర్వాత సంగతి. మన జిల్లాలోని కాలేజీ ఆఫీసు కిటికీ తెరుచుకోకపోతే మన పిల్లవాడు దరఖాస్తు దాకా కూడా పోలేడు. సంక్షేమ శాఖ ఈ విషయంలో గట్టిగా నిలబడాలని కోరుతున్నాం.

అలాగే ప్రభుత్వాల విదేశీ విద్యా పథకాల గురించి కూడా. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మాస్టర్స్, పీహెచ్‌డీ చదువులకే గాని డిగ్రీకి వర్తించదు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల వరకు ఇచ్చే విద్యానిధి కూడా పీజీ ఆపై చదువులకే. పీజీకి ఇవ్వడం మంచిదే. కాని డిగ్రీ స్థాయిలో విదేశం పోయేది డబ్బున్నవాళ్ల పిల్లలే అని ముందే తీర్మానించుకున్నట్టు లేదా ఇది? పెద్ద కాలేజీలో సీటు, సగం సాయం సంపాదించుకున్న హాస్టల్ బిడ్డకు మిగతా సగం ఇవ్వడానికి ఏటా కొన్ని సీట్లయినా కేటాయించాలి. మనమంతా కలిసి అడగవలసిన డిమాండు ఇది.

ఇక మనలోని పెద్దలు కొందరు, "మనకెందుకయ్యా అంత పెద్ద కాలేజీలు? ఇక్కడ చదివి ఉద్యోగం చేసుకుంటే చాలు" అంటారు. వాళ్ల భయం మాకు అర్థమవుతుంది. మా అనుభవం విన్నాక ఆ భయం ఇంకా పెరగవచ్చు కూడా. అయినా ఆ మాట మేం ఒప్పుకోం. మధ్యలో చేరి చదువు అందుకోవడం మనకు కొత్త కాదని మొదట్లోనే చెప్పాం. తెలియని భాషలో పాఠం, కొత్త తిండి, కొత్త గది, పలకరించని తోటివాళ్లు, ఇవన్నీ పదకొండేళ్ల వయసులోనే చూశాం. ఇంటి ఆదాయం నిరూపించమంటే బిత్తరపోయేది డబ్బున్నవాళ్లు కావచ్చు గాని మనం కాదు. మీ-సేవ చుట్టూ, తహసీల్దార్ ఆఫీసు చుట్టూ మనకన్నా ఎక్కువ తిరిగినవాళ్లు ఎవరు? ఆ కాలేజీలు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే దరఖాస్తులో అడిగేవి కూడా అవే వివరాలు. ఇంట్లో ఎంతమంది, ఎవరి సంపాదన ఎంత, ఇల్లు సొంతమా, అప్పులు ఎన్ని. మనకు నోటికి వచ్చిన లెక్కే అది. లేనిదల్లా ఆ లెక్కను సరైన చోట, సరైన తేదీకి, దాచకుండా రాయమని చెప్పే మనిషి.

ఆ మనిషి లోటు తీర్చే బాధ్యత పూర్వ విద్యార్థులదే. అందుకే మేం కొన్ని పనులు అనుకున్నాం. నెలకు ఒక ఆదివారం, మధ్యాహ్నం భోజనం తర్వాత, మాలో ఇద్దరం హాస్టల్‌కు వచ్చి ఇంటర్, డిగ్రీ, బీటెక్ చదివే పిల్లలతో కూర్చుంటాం. ఏ కాలేజీ దరఖాస్తు అయినా నిబంధనలన్నీ ఒకరు గట్టిగా చదవాలి, మిగతావాళ్లు వినాలి. ఆర్థిక సాయం భాగం రెండుసార్లు చదవాలి. ఒక నోటు పుస్తకం పెట్టి ఎవరు దరఖాస్తు పెట్టారు, ఏమైంది, ఎక్కడ పొరపాటు జరిగింది అని రాసి ఉంచుదాం. రానివి కూడా రాద్దాం. దాని మొదటి పేజీలో మా తప్పే రాశాం. దరఖాస్తు రుసుము మినహాయింపు అడగవచ్చని చాలామందికి తెలియదు. ఆ ఉత్తరం ఎలా రాయాలో చూపిస్తాం. కన్సల్టెన్సీకి డబ్బు కట్టే ముందు మాలో ఎవరికైనా ఒక్క ఫోన్ చేయండి. మా నంబర్లు వార్డెన్ సార్ దగ్గర ఉన్నాయి.

మనం ఈ హాస్టల్ గేటు లోపలికి మొదటిసారి వచ్చినప్పుడు మన వెంట వచ్చిన అమ్మలు వార్డెన్ సార్‌ను అడిగిన ప్రశ్న గుర్తుందా? "సారూ, బువ్వ పెడ్తరా, పైసలేమన్న కట్టాల్నా?" అని అడిగారు. అన్నీ ప్రభుత్వమే చూసుకుంటుందని సార్ చెప్పాకనే మన చేయి వదిలి బస్సెక్కారు. చదువు రాని మన అమ్మలకు ఉన్న ఆ ముందుచూపు, ఇంత చదివిన మాకు 2019లో లేకపోయింది. ఎంత పెద్ద కాలేజీ అయినా సరే, ఎంత దూర దేశమైనా సరే, మీరు మీ టీసీ తీసుకునే ముందు ఆ ప్రశ్న అడగండి. జవాబు కాగితం మీద వస్తే ధైర్యంగా పోండి. బస్టాండు దాకా పెట్టె మోయడానికి మేం వస్తాం.

- పూర్వ విద్యార్థుల బృందం